హాస్టల్‌కు తాళం పడిన రోజున మనం చేయవలసినవి



వార్షికోత్సవ సంచిక అనగానే ఆటల పోటీల ఫలితాలు, పదో తరగతి మార్కులు, కవితలు, పాత ఫొటోలు ఎలాగూ ఉంటాయి. ఈసారి వాటితోపాటు మనందరికీ అనుభవంలో ఉన్న ఒక విషయాన్ని కొంచెం వివరంగా రాయాలని పూర్వ విద్యార్థులమైన మేము అనుకున్నాము. ఉన్నట్టుండి బడులు మూసివేయమని ప్రభుత్వం ఆదేశిస్తే హాస్టల్ పిల్లలకు, వారి తల్లిదండ్రులకు, మన దగ్గర పనిచేసే సిబ్బందికి ఏమవుతుంది? ఆ సమయంలో ఎవరు ఏం చేయాలి? ఈ రెండు ప్రశ్నలకు మాకు తెలిసినంతలో జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఊళ్లో ఇల్లున్న పిల్లవాడికి బడి మూతపడితే చదువు ఒక్కటే ఆగుతుంది. హాస్టల్ పిల్లవాడికి అలా కాదు. పొద్దుటి టిఫిన్, రాత్రి అన్నం, గుడ్డు, పడుకునే చోటు, లైటు కింద కూర్చుని చదువుకునే రెండు గంటలు, సందేహం అడగడానికి ట్యూటర్, జ్వరం వస్తే మాత్ర తెచ్చే వార్డెన్ సారు, అన్నీ ఒకే రోజున ఆగిపోతాయి. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్టాండుకు నడిచిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలుసు. అందుకే బడుల మూసివేత గురించి మాట్లాడేటప్పుడు మన హాస్టళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి.

మూతలు ఎందుకు వస్తాయి?

ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే కష్టమని అనుకోవద్దు. గత పదిహేనేళ్ల పైచిలుకు కాలాన్ని తిరగేసి చూస్తే కారణాలు ఎన్నో కనిపిస్తాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణా వరదలకు కర్నూలు నగరం, మంత్రాలయం, అలంపురం ప్రాంతాలు మునిగాయి. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది, అందులో ఉపాధ్యాయులు కూడా పాల్గొన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. 2019లో ఆర్టీసీ కార్మికుల సమ్మె వల్ల తెలంగాణలో దసరా సెలవులను అక్టోబరు 19 వరకు పొడిగించారు. 2020, 2021 సంవత్సరాలు కరోనాకు పోయాయి. 2024 సెప్టెంబరు 1న మన ఖమ్మంలో మున్నేరు, అక్కడ విజయవాడలో బుడమేరు పొంగి కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. మరునాడు తెలంగాణ అంతటా బడులకు సెలవు ఇచ్చారు.

వరద అయితే వారం, సమ్మె అయితే నెల, మహమ్మారి అయితే ఏడాదిన్నర. వ్యవధి మారుతుంది గాని పిల్లలకు పడే దెబ్బ ఒకే తీరుగా ఉంటుంది. అందుచేత అన్నింటికంటే పెద్దదైన కరోనా మూసివేతనే ఉదాహరణగా తీసుకుంటే మిగతావి సులువుగా అర్థమవుతాయి.

2020, 2021లో జరిగిందేమిటి?

తెలంగాణలో 2020 మార్చి 16 నుండి విద్యాసంస్థలు మూతపడ్డాయి. మొదట మార్చి 31 వరకే అన్నారు. పదో తరగతి వారిని మాత్రం పరీక్షల కోసం ఉంచారు. మార్చి 19న పరీక్షలు మొదలయ్యాయి, మూడు రోజులు జరిగాక హైకోర్టు ఆదేశంతో వాయిదా పడ్డాయి. మార్చి 25 నుండి దేశమంతా లాక్‌డౌన్. చివరకు జూన్ 8న పరీక్షలు రద్దుచేసి, బడిలో వచ్చిన అంతర్గత మార్కుల ఆధారంగా 5 లక్షల 34 వేలకు పైగా విద్యార్థులను ఉత్తీర్ణులను చేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ జూన్ నెలలోనే పరీక్షలు రద్దయ్యాయి.

2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ల ద్వారా 3 నుండి 10వ తరగతి వరకు పాఠాలు ప్రసారం చేశారు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. మార్చి 24 నుండి మళ్లీ మూసేశారు. తర్వాత 2021 సెప్టెంబరు 1న బడులు తెరుచుకున్నాయి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అంతకు ముందురోజే హైకోర్టు గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లను తెరవవద్దని ఆదేశించింది. ఒకే గదిలో పదుల సంఖ్యలో పిల్లలు పడుకునే చోట వ్యాధి తొందరగా పాకుతుంది కాబట్టి ఆ జాగ్రత్తకు అర్థముంది. అక్టోబరులో అనుమతి వచ్చింది. అంటే ఊళ్లో ఉన్న పిల్లలు బడికి వెళ్తున్న రోజుల్లో కూడా మన పిల్లలు ఇంటి దగ్గరే ఉండిపోయారు. మూసేటప్పుడు అందరితో పాటు మూస్తారు, తెరిచేటప్పుడు మనది చివరి వంతు. ఏ ప్రణాళిక వేసుకున్నా ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

మొదటిది అన్నం

మన మెస్ ఛార్జీలు హాజరు పట్టీ మీద ఆధారపడి ఉంటాయి. 2024 చివరలో పెంచిన రేట్ల ప్రకారం తెలంగాణలో 8 నుండి 10వ తరగతి విద్యార్థికి నెలకు 1,540 రూపాయలు. పిల్లవాడు హాస్టల్‌లో ఉన్నాడని రిజిస్టరులో పడితేనే ఆ డబ్బు సరుకులుగా మారుతుంది. హాస్టల్ మూస్తే హాజరు లేదు, హాజరు లేకపోతే సరుకు లేదు. అప్పటివరకు ప్రభుత్వం పెట్టిన రెండు పూటల తిండి భారం ఒక్కసారిగా కూలి ఇంటి మీద పడుతుంది. అదీ ఆ ఇంట్లో కూలి కూడా ఆగిపోయిన రోజుల్లో!

బడిలో పెట్టే మధ్యాహ్న భోజనానికి మాత్రం చట్టం అండ ఉంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం, దాని కింద 2015లో వచ్చిన మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు బడి రోజున భోజనం పెట్టలేకపోతే దానికి బదులు ధాన్యం, వంట ఖర్చు కలిపి ఆహార భద్రతా భత్యంగా మరుసటి నెల 15వ తేదీలోగా ఇవ్వాలి. ప్రాథమిక తరగతులకు రోజుకు 100 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతులకు 150 గ్రాముల ధాన్యం లెక్క. 2020 మార్చి 18న సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు తీసుకుని, మూసివేత కాలంలో పిల్లల భోజనం ఏమైందని రాష్ట్రాలను అడిగింది. ఆ వెంటనే కేంద్రం కూడా వండిన భోజనమో, భత్యమో ఇవ్వాలని రాష్ట్రాలకు రాసింది.

ఈ విషయం తెలిసిన తల్లిదండ్రులు ఎందరు? అడిగినవారికి అందే అవకాశం ఉంటుంది, తెలియనివారు అడగనే అడగరు. కాబట్టి హాస్టల్ నుండి ఇంటికి పంపేటప్పుడే పిల్లవాడి చేతికి ఒక కాగితం ఇవ్వాలి. బడి ద్వారా రావలసిన బియ్యం ఎంత, ఎవరిని అడగాలి, రేషన్ కార్డులో పిల్లవాడి పేరు ఉందా లేదా అన్నవి అందులో ఉండాలి. రేషన్ కార్డు సంగతి ఎందుకంటే, 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. కార్డులో పేరులేని పిల్లవాడి వంతు బియ్యం ఆ ఇంటికి రాలేదు. ఇంటిదగ్గర ఉండడు కదా అని కార్డులో పేరు ఎక్కించని ఇళ్లు మన తండాల్లో, వాడల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఈ పని సెలవుల్లో కాదు, ఇవాళే చూసుకోవాలి.

రెండవది చదువు

టీవీ పాఠాలు మంచి ప్రయత్నమే. కాని ఇంట్లో టీవీ ఉండాలి, కరెంటు ఉండాలి, పాఠం వచ్చే గంటకు పిల్లవాడు పొలంలో కాకుండా ఇంట్లో ఉండాలి. ఫోను సంగతి మరీ కష్టం. అసర్ సర్వే లెక్కల ప్రకారం దేశంలో గ్రామీణ విద్యార్థుల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020లో 61.8 శాతం. పెరిగిన మాట నిజమే. అయితే ఇంట్లో ఫోను ఉండటం వేరు, పిల్లవాడి చేతిలో ఉండటం వేరు. నాన్న పనికి వెళ్తే ఫోనూ పనికి వెళ్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ముందు వంతు ఎవరిది? చాలా ఇళ్లలో ఆడపిల్ల వంతు చివరికే వచ్చింది. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలలో, కేంద్రపాలిత ప్రాంతాలలో పేదల ఇళ్లలో జరిపిన ఒక సర్వేలో గ్రామీణ పిల్లల్లో 8 శాతం మందే క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నారని, 37 శాతం మంది అసలు చదవడమే లేదని తేలింది.

మరి పని చేసినదేమిటి? మనుషులు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు 2020లో విలేజ్ లెర్నింగ్ సర్కిల్స్ పేరుతో తమ ఊళ్లలోనే చెట్ల కింద, అరుగుల మీద చిన్న పిల్లలను కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. తొమ్మిదో తరగతి అక్క ఐదో తరగతి వారికి చెప్పింది. చెప్పేవారికి కూడా పాఠం గట్టిపడింది. దీనికి ఫోను అక్కరలేదు, పాఠ్యపుస్తకం, పలక, సుద్దముక్క చాలు.

దీన్ని చూసి మేము మూడు సూచనలు చేస్తున్నాము. ఒకటి, పుస్తకాలు హాస్టల్ ట్రంకులో పెట్టి తాళం వేసి వెళ్లవద్దు. బట్టలు కొన్ని తగ్గినా సరే, పుస్తకాలు ఇంటికి వెళ్లాలి. రెండు, ఒకే ఊరికి, పక్క ఊళ్లకు వెళ్లే పిల్లలను నలుగురైదుగురు చొప్పున ముందే జట్టు కట్టాలి. ప్రతి జట్టుకు ఒక పెద్ద తరగతి విద్యార్థి, ఆ దరిదాపుల్లో ఉండే ఒక పూర్వ విద్యార్థి బాధ్యులు. మూడు, వారానికి సరిపడా పని నోటుపుస్తకంలో రాసి ఇవ్వాలి. రోజుకు ఐదు లెక్కలు, ఒక పేజీ ఇంగ్లీషు చదవడం, ఒక పేజీ తెలుగు రాయడం. తక్కువ అనిపించినా పర్వాలేదు, ప్రతిరోజూ జరగడమే ముఖ్యం.

మూడవది కూలి, పెళ్లి

ఈ మాట రాయడానికి కష్టంగా ఉన్నా రాయక తప్పదు. మార్చి అంటే మన ప్రాంతంలో మిర్చి కోతల కాలం. బడి మూతపడేసరికి పిల్లలు తోటల్లోకి వెళ్లారు. మొదట అమ్మకు సాయంగా, తర్వాత విడిగా కూలికి. ఇంట్లో డబ్బు కదిలింది, అలవాటు పడ్డారు. బడి తెరిచే నాటికి కొందరు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి చేరిపోయారు. మాకు తెలిసినంతలో ముగ్గురు తమ్ముళ్లు మళ్లీ హాస్టల్ మెట్లు ఎక్కలేదు. వారిలో ఒకడు లెక్కల్లో తరగతికి మొదటివాడు.

చెల్లెళ్ల విషయంలో భయం ఇంకొకటి. పిల్ల ఇంట్లోనే ఉంది, జనం తక్కువ కాబట్టి పెళ్లి ఖర్చు తక్కువ, సంబంధం చేతిలో ఉంది. ఇలా ఆలోచించిన తల్లిదండ్రులు చెడ్డవారు కారు, భయపడినవారు. ఒక చెల్లెలి పెళ్లి మాట ఖాయమయ్యాక, ఆమె స్నేహితురాలు తన టీచరమ్మకు ఫోన్ చేసింది. టీచరమ్మ, ఊరి అంగన్‌వాడీ ఆయమ్మ కలిసి వెళ్లి తల్లితో రెండు గంటలు మాట్లాడారు. కేసు అని బెదిరించలేదు. హాస్టల్ మళ్లీ తెరుస్తారు, పిల్ల చదువు బాధ్యత మాది అని మాట ఇచ్చారు. పెళ్లి ఆగింది. ఆ చెల్లెలు ఇవాళ నర్సింగ్ చదువుతోంది.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరం. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి వేళలు కాని సమయంలో సొంత ఇంటివారికి, అదీ ప్రమాదం లేని పనిలో, సాయపడటానికి మాత్రం మినహాయింపు ఉంది. 14 నుండి 18 ఏళ్ల వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ఏ పిల్లవాడికి, ఏ పిల్లకు ఆపద వచ్చినా 1098కి ఫోన్ చేయవచ్చు. డబ్బు పడదు. ఈ నెంబరు ప్రతి ఒక్కరికీ నోటికి వచ్చి ఉండాలి.

తల్లిదండ్రులకు మనం ఇవ్వగలిగింది

తల్లిదండ్రులకు ముందుగా కావలసింది సమాచారం. ఎప్పుడు తెరుస్తారు, పరీక్షలు ఉన్నాయా, పిల్లవాడి పేరు కొట్టేస్తారా అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేక ఎందరో నలిగిపోయారు. జవాబు తెలియకపోయినా వారానికి ఒకసారి ఫోన్ చేసి, ఇంకా ఆదేశాలు రాలేదు, రాగానే చెబుతాము అంటే చాలు, నమ్మకం నిలుస్తుంది. ఫోన్ లేని ఇంటికి పక్కింటివారి నెంబరు, కిరాణా కొట్టు నెంబరు రాసి పెట్టుకోవాలి.

రెండవది కాగితాలు. కులం, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు పుస్తకం, ఆధార్, స్టడీ సర్టిఫికెట్లకు జిరాక్సులు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టి ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి హాస్టల్‌లో ఉంచాలి. 2024 వరదలో ఖమ్మంలో ఎందరో విద్యార్థుల సర్టిఫికెట్లు బురదపాలయ్యాయి. కవరు ఖర్చు పది రూపాయలు, పోయిన కాగితం కోసం తిరిగే ఛార్జీలు అంతకు ఎన్నో రెట్లు.

మూడవది దుఃఖంలో తోడు. కరోనాలో అమ్మనో, నాన్ననో పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లల కోసం 2021 మే 29న కేంద్రం పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకం ప్రకటించింది. 23 ఏళ్లు వచ్చేసరికి 10 లక్షల రూపాయలు అందేలా ఏర్పాటు చేసింది. సాయం ఉంటుంది గాని దరఖాస్తు పెట్టించే మనిషి కావాలి. ఆ మనిషి మనలో ఒకరు కావాలి. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ ఉంది, నెంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. అది పిచ్చివాళ్ల నెంబరని ఎవరైనా నవ్వితే పట్టించుకోవద్దు. కాలు నొప్పికి డాక్టరు ఉన్నట్టే మనసు నొప్పికీ ఉంటారు.

సిబ్బందిని మరవద్దు

హాస్టల్ అంటే పిల్లలొక్కరే కాదు. వంట మనిషి, కామాటి, వాచ్‌మన్, ట్యూటర్లు కూడా. వీరిలో పర్మినెంటు వారికి జీతం వస్తుంది. అవుట్‌సోర్సింగ్, పార్ట్‌టైం వారి సంగతి అలా కాదు. హాస్టల్ మూస్తే ట్యూటరుకు పని లేదు, పని లేకపోతే గౌరవ వేతనం ప్రశ్నార్థకం. ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు కూరగాయలు అమ్మిన రోజులు చూశాము. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. దీనినిబట్టి మూసివేత కాలంలో బోధన సిబ్బందిని ఆదుకోవడం ప్రభుత్వానికి సాధ్యమేనని తెలుస్తోంది. మన హాస్టల్ సిబ్బందికి కూడా అటువంటి రక్షణ ముందే రాసి ఉండాలని కోరడం న్యాయమైన కోరిక.

పైగా మూతపడిన హాస్టల్‌కూ పని ఉంటుంది. కరోనా సమయంలో అనేక చోట్ల హాస్టళ్లు, గురుకులాలు క్వారంటైన్ కేంద్రాలయ్యాయి. వరదల్లో పునరావాస కేంద్రాలవుతాయి. అప్పుడు వంట చేసేది, ఊడ్చేది మన సిబ్బందే. వారికి మాస్కులు, చేతి తొడుగులు, సెలవు, వైద్యం అందేలా చూడటం అధికారుల బాధ్యత, అడగడం మన బాధ్యత. 1897లో పూణేలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రిబాయి ఫూలే రోగులకు సేవ చేస్తూ అదే వ్యాధి సోకి మార్చి 10న కన్నుమూశారు. బడి పెట్టిన చేతులే రోగిని మోశాయి. అలాంటి సేవ చేసేవారిని గౌరవిస్తే సరిపోదు, కాపాడుకోవాలి కూడా.

తెరిచిన రోజే అసలు పరీక్ష

మూసివేత ముగిసిందని ఊపిరి పీల్చుకుంటాము గాని అసలు పని అప్పుడే మొదలవుతుంది. అసర్ సర్వేలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం ఉంటే, 2022లో 20.5 శాతానికి తగ్గారు. అంటే బడి తెరవగానే కొత్త పాఠం మొదలుపెడితే సగం పైగా పిల్లలకు అందదు. మొదటి నెల పాత పాఠాలకే కేటాయించాలి. వెనుకబడినవారిని తిట్టకూడదు. తిడితే వెళ్లిపోవడానికి తోట ఎటూ పిలుస్తూనే ఉంటుంది.

రానివారి కోసం వెళ్లాలి. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశంలో ఎబోలా వల్ల మూసిన బడులు 2015 ఏప్రిల్ 14న తెరిచారు. అంతకు ముందు రేడియోలో పాఠాలు చెప్పారు. కాని గర్భవతులైన బాలికలను బడికి రానివ్వలేదు. ఆ నిషేధం 2020 మార్చిలో గాని తొలగలేదు. బడి తెరిచినా కొందరికి తలుపు మూసే ఉందన్నమాట. మన దగ్గర పెళ్లయిన చెల్లెలికి, ఏడాది కూలికి వెళ్లిన తమ్ముడికి అలా జరగకూడదు.

మన హాస్టల్‌కు ఒక రిజిస్టరు

చివరగా మేము ప్రతిపాదించేది చాలా చిన్నది. హాస్టల్‌లో ఒక రిజిస్టరు పెడదాము. అందులో ఇవి ఉండాలి:

1. ప్రతి విద్యార్థి ఊరు, రెండు ఫోన్ నెంబర్లు, రేషన్ కార్డులో పేరు ఉందో లేదో.

2. ఊరివారీ జట్లు, జట్టు బాధ్యుడు, దగ్గరలోని పూర్వ విద్యార్థి.

3. మూసిన మొదటి రోజు: ఎవరు ఏ బస్సుకు వెళ్లారు, ఇల్లు చేరారా లేదా. చిన్న తరగతుల వారిని ఒంటరిగా పంపకూడదు.

4. మొదటి వారం: ప్రతి ఇంటికీ ఒక ఫోన్. అన్నం ఉందా, ఆరోగ్యం ఎలా ఉంది, పుస్తకాలు ఉన్నాయా.

5. ప్రతి నెలా: బియ్యం అందిందా, కూలికి వెళ్తున్నారా, పెళ్లి మాటలు వినిపిస్తున్నాయా.

6. తెరిచాక పదిహేను రోజులకు: రానివారి జాబితా, ఎవరు ఇంటికి వెళ్లి మాట్లాడారు.

ఈ రిజిస్టరు రాయడానికి పైసా ఖర్చు లేదు. పదో తరగతి తమ్ముళ్లు, చెల్లెళ్లు వార్డెన్ గారి పర్యవేక్షణలో ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది. ఫోన్లు చేసే బాధ్యత, రానివారి ఇళ్లకు వెళ్లే బాధ్యత పూర్వ విద్యార్థులమైన మేము తీసుకుంటాము. ఈ హాస్టల్ అన్నం తిని ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో, వ్యవసాయంలో స్థిరపడిన అన్నలు, అక్కలు ప్రతి మండలంలోనూ ఉన్నారు. తలా రెండు ఊళ్లు పంచుకుంటే ఒక్క పిల్లవాడు కూడా లెక్క తప్పడు.

తరువాతి వరద ఎప్పుడు వస్తుందో, తరువాతి వ్యాధి ఏదో ఎవరికీ తెలియదు. తాళం పడటాన్ని మనం ఆపలేకపోవచ్చు. తాళం తీసిన రోజున ఎవరి కంచం వారి చేతిలో, ఎవరి చాప వారి చోట ఉండేలా చూడటం మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఈ వార్షికోత్సవం నాడే రిజిస్టరు మొదటి పేజీ రాద్దాము, రండి.